పురుగుల పేరమ్మ

పేరమ్మ ఏం ఉద్యోగం చేస్తుందో పట్టపుపాలెంలో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పొద్దున్నే స్కూటీ మీద అల్లూరు దాకా పోయి, అక్కడ బస్సెక్కి, హైవే మీద రాజుపాళెం దగ్గర దిగుతుందని తెలుసు. కొడవలూరు వరిమళ్ళను ఆనుకుని కట్టిన మందుల పరిశోధన కేంద్రంలోకి పోతుందని తెలుసు. లోపల ఏం చేస్తుందంటే మాత్రం తలా ఒక మాట చెప్తారు. పురుగుల మందు తయారుచేస్తుందని కొందరు, కాదు, పురుగులకే మందు పెడుతుందని కొందరు. రెండో మాటే నిజం. కాకపోతే ఆమె పెట్టేది చంపే మందు కాదు. వయసు మీదపడిన పురుగుల నరాలు చెడిపోకుండా కాచే మందు ఏదైనా ఉందేమోనని వెతకడం ఆమె పని.

ఆమె గంగులయ్య రెండో కూతురు. పడవల మీద బతికిన ఇల్లు. నాయనమ్మ పోయిన ఏడాదే పుట్టింది కాబట్టి ఆమె పేరే పెట్టారు. కావలిలో డిగ్రీ చదివేటప్పుడు తోటి ఆడపిల్లలు ఆ పేరు విని నవ్వేవారు. మార్చుకోమని సలహా ఇచ్చిన లెక్చరరు కూడా ఒకరున్నారు. "మా నాయనమ్మ ఏం తప్పు చేసినాదని మార్చుకోవాల సార్?" అని అడిగిందట. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

చదువు అయ్యాక సముద్రం ఒడ్డునే ఉన్న రొయ్యల హేచరీలో చేరింది. రొయ్యపిల్ల పుట్టినప్పుడు నలుసంత ఉంటుంది. తొట్టిలో నుంచి గాజు బీకరులో నీళ్ళు ముంచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడాలి. ఏవి చురుగ్గా ఉన్నాయి, ఏవి అడుగు పట్టాయి, కడుపులో తిండి పడిందా లేదా అన్నది ఆ చూపులోనే తేల్చాలి. పేరమ్మకు ఆ చూపు బాగా అబ్బింది. పెళ్ళయింది. భర్త శివశంకర్ ఐసు వ్యాను నడుపుతాడు. కొడుకు పుట్టాడు, బడికి పోయే వయసుకు వచ్చాడు. అంతలో రెండేళ్ళు వరసగా తొట్లలో జబ్బు పడి హేచరీ మూతపడింది. అప్పటికి పేరమ్మకు ముప్పై అయిదు దాటాయి. ఆ వయసులో కొత్త పని ఎవరిస్తారని ఊళ్ళో అనుకుంటుంటే, దూరవిద్యలో చదువుతున్న ఎమ్మెస్సీ ఆఖరి పరీక్ష రాసి వచ్చి, నేరుగా రాజుపాళెం పోయి ఇంటర్వ్యూలో కూర్చుంది.

ఇంటర్వ్యూ చేసినాయన డాక్టర్ మాథ్యూ. కావలి మనిషి, ఏళ్ళ తరబడి బయట ఊళ్ళలో పనిచేసి వచ్చినా మాటలో యాస పోలేదు. ఆయన ప్రశ్నలేమీ వేయకుండా ఒక చిన్న గాజు పళ్ళెం మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమన్నాడు.

"ఏం కనబడతా ఉండాయి?"

"పురుగులు సార్. తెల్ల దారపు ముక్కల మాదిరి."

"ఎట్టుండాయి?"

పేరమ్మ తొందరపడలేదు. పళ్ళెం అటూ ఇటూ జరిపి చూసింది. "ఈ మూల ఉండేవి బాగా తిరుగుతుండాయి. నడుమ రెండు కదలడంలా. కానీ చావలా, తల ఒక్కటే ఆడిస్తుండాయి. ఆ అంచున ఉండేది మాత్రం పొయ్యింది సార్."

మాథ్యూ తనూ వంగి చూశాడు. "రొయ్యపిల్లల్ని చూసిన కన్ను," అని నవ్వి, "ఎప్పుడు వస్తారు పనిలోకి?" అన్నాడు.

ఆ పురుగు పేరు ఎలిగన్స్. మట్టిలో, కుళ్ళిన పండ్లలో బతికే జాతి. మిల్లీమీటరు పొడవు. ఎవరికీ హాని చేయదు. ఒళ్ళంతా గాజులాగా ఉంటుంది కాబట్టి కోయకుండానే లోపల ఏముందో చూడొచ్చు. మూడు వారాల్లో దాని బతుకు అయిపోతుంది. మనిషి ముసలివాడు కావడానికి అరవై డెబ్బై ఏళ్ళు ఆగాలి. ఈ పురుగుకు రెండు వారాలు ఆగితే చాలు, తిరుగుడు తగ్గుతుంది, చర్మం సడలుతుంది, నరాలు పాడవుతాయి. దాని ఒంట్లో ఉన్న నాడీకణాలు మొత్తం మూడు వందల రెండే. ఏది ఎక్కడుందో అన్నీ లెక్కకట్టి ఉన్నాయి.

మాథ్యూ దగ్గర ఉన్న పురుగుల్లో ఇంకో విశేషం ఉంది. వాటిలో కొన్ని నరాలు ప్రత్యేకమైన దీపం కింద పచ్చగా వెలుగుతాయి. ఎక్కడో చల్లని సముద్రాల్లో ఉండే ఒక జెల్లీచేప నుంచి ఆ వెలుగు గుణాన్ని తీసి, ఈ పురుగులో పెట్టారు. మొదటిసారి చూసినప్పుడు పేరమ్మ కాసేపు కన్ను తీయలేదు. చీకట్లో పచ్చటి గీత, తల నుంచి తోక దాకా సన్నగా, బిగించి కట్టిన నైలాన్ దారంలాగా. అది పడుచు పురుగు. పక్క పళ్ళెంలో ముసలిది. అదే గీత అక్కడ వంకర్లు తిరిగి, పూసలు కట్టి, ఒకచోట తెగి ఉంది.

"మందు పని చేసిందంటే ముసలి పురుగులో కూడా ఆ గీత తిన్నగా ఉండాల," అన్నాడు మాథ్యూ. "ఉంటే సరిపోదు. నరం పని చేస్తుందా లేదా అని కూడా చూడాల."

దానికి వాడే పనిముట్టు చూసి పేరమ్మకు నవ్వొచ్చింది. పళ్ళు కుట్టుకునే పుల్ల చివర ఒక కనుబొమ్మ వెంట్రుక అతికించి, దాంతో పురుగును మెల్లగా తాకడం. నరం బాగుంటే పురుగు చటుక్కున వెనక్కి జరుగుతుంది. లేకపోతే పట్టనట్టు పడి ఉంటుంది. ఆ పుల్లలు ఎవరివి వాళ్ళే చేసుకోవాలి. కొన్నాళ్ళకు పేరమ్మ ఎడమ కనుబొమ్మ పలచబడిందని శివశంకర్ కనిపెట్టి ఎగతాళి చేశాడు.

ఇంట్లో ఆమెకు ఎదురుగా కూర్చుని రోజూ ఈ కబుర్లన్నీ చెప్పించుకునేది అత్త ఆదిశేషమ్మ. ఆమె ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు వీధుల్లో అమ్మిన మనిషి. నోరు గట్టిది. నాలుగేళ్ళ నాడు ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. తర్వాత నడక చిన్నదైంది. నెల్లూరులో నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్ అని చెప్పి, పూటపూటకూ మాత్రలు రాశాడు. "పారికిన్సనో పారిపొయ్యినోడో, వాడు నా చెయ్యి పట్టుకుని ఊపుతుండాడు," అని ఆదిశేషమ్మ అందరికీ చెప్పేది. వణుకుతున్న చేత్తోనే చేపలు తోముతానని పోట్లాడేది. పేరమ్మ వద్దనేది కాదు. కత్తిపీట మాత్రం తన వైపు లాక్కుని, తోమే పని ఆమెకు వదిలేది.

"అత్త నరాలు పక్కనబెట్టి పురుగు నరాలు చూసేదానికి పోతావేమ్మే," అనేది ఆదిశేషమ్మ.

"నీ నరం కనబడదు గదత్తా. దాంది కనబడతాది."

"నాకూ పచ్చ దీపం పెట్టించమను మీ సారుని."

పని చెప్పినంత తేలిక కాదు. వేరే వేరే జబ్బులకు ఎప్పటినుంచో వాడుతున్న పాత మందులు కొన్ని వందలు ఒక పెట్టెలో వచ్చాయి. ఒక్కొక్క మందును కరిగించిన నాచు జిగురు, అంటే అగర్‌లో కలిపి పళ్ళేల్లో పోయాలి. అది గడ్డకట్టాక దాని మీద పురుగులు తినే బ్యాక్టీరియాను పూయాలి. ఒకే రోజు పుట్టిన పురుగులను వాటిలోకి ఎక్కించి, ఇరవై డిగ్రీల చల్లదనం తప్పకుండా ఇంక్యుబేటర్లో పెట్టాలి. అవి ముసలివయ్యేదాకా కాపాడి, అప్పుడు నరాలు చూడాలి. ఏ పళ్ళెంలో ఏ మందుందో చూసేవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. అందుకని పళ్ళేలకు గుర్తులు మాథ్యూ వేసేవాడు, చూడటం పేరమ్మ చూసేది.

చాలా మందులు ఏమీ చేయలేదు. కొన్ని పురుగులను చంపేశాయి. కొన్నిటిలో ముసలి పురుగులు ఇంకా ముందే ముసలివయ్యాయి. ఏడాది గడిచింది. తోటివాళ్ళు ఇద్దరు విసిగి వేరే పనుల్లోకి పోయారు. పేరమ్మకు విసుగు రాలేదు. హేచరీలో తొట్టి తర్వాత తొట్టి చూసిన మనిషికి పళ్ళెం తర్వాత పళ్ళెం చూడటం కొత్త కాదు. పైగా ఏదో ఒకనాటికి ఒకటి దొరుకుతుందని ఆమెకు గట్టి నమ్మకం. "ఎందుకంత ధీమా?" అని మాథ్యూ ఒకసారి అడిగితే, "వల వేసినోడు చేప లేదనుకుంటే ఎట్టా సార్," అంది.

రెండో ఏడాది వానాకాలంలో అది దొరికింది. ఆ పూట పేరమ్మ దీపం కింద ఒక పళ్ళెం పెట్టి చూస్తే, ముసలి పురుగుల్లో గీతలు తిన్నగా, పడుచు వాటిలాగా ఉన్నాయి. వెంట్రుకతో తాకింది. చటుక్కున వెనక్కి జరిగాయి. ఇంకోటి తాకింది. అదీ జరిగింది. పక్క గదిలో ఉన్న మాథ్యూను పిలిచి, ఏమీ చెప్పకుండా కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. ఆయన చూసి, పళ్ళెం తిప్పి అడుగున తను వేసిన గుర్తును పట్టీతో సరిపోల్చాడు. అది ఒక పాత మందు. ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది.

మళ్ళీ చేశారు. మళ్ళీ అదే వచ్చింది. కేంద్రం డైరెక్టరుగారి ఆనందానికి హద్దు లేదు. వార్షికోత్సవం నాడు మైకులో ఆ సంగతి చెప్పాడు. "పురుగుల్లో" అన్న మాట ఆయన అన్నాడు కానీ, రాసుకున్న విలేకరి దాన్ని ఎక్కడో వదిలేశాడు. వణుకుడు జబ్బుకు మన జిల్లాలో మందు కనిపెట్టారని రెండో రోజు పొద్దున పేపర్లో వచ్చింది. పేరమ్మ ఫొటో కూడా వేశారు.

ఆ ఆదివారం ఇంటి ముందు మనుషులు చేరారు. ముందుగా వచ్చినవాడు పడవ యజమాని సుబ్బు. వాళ్ళ నాన్నను మోటారు సైకిలు మీద తన వెనక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా తువ్వాలుతో నడుముకు కట్టుకుని తెచ్చాడు. ముసలాయన గడ్డం కింద చొంగ కారుతోంది. రెండు చేతులూ ఒళ్ళో ఆగకుండా ఆడుతున్నాయి.

"అక్కా, ఆ మందేదో పేరు చెప్పు. నేను కొనుక్కుంటా," అన్నాడు సుబ్బు.

పేరమ్మ ముసలాయనకు కుర్చీ వేసి, మంచినీళ్ళు తాగించింది. తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పింది. "చూడు సుబ్బూ. నేను చూసింది ఇంత పురుగులో. అది మూడు వారాల్లో చచ్చే జీవం. దానికి పనిజేసింది మనిషికి పనిజేస్తాదని ఎవురూ చెప్పలేరు. ముందు ఎలకల్లో చూడాల, ఆ తర్వాత మనుషుల్లో డాక్టర్లు చూడాల. అన్నేళ్ళు పడతాది. పేపరోళ్ళు రాసింది తప్పు. నేను పేరు చెప్పను."

"అన్నేళ్ళు మా నాయన ఉంటాడా అక్కా?"

పేరమ్మ ముసలాయన గడ్డం తువ్వాలుతో తుడిచింది. "మీ నాయన్ని నెల్లూరు తీసుకుపోదాం. మా అత్తని చూసే డాక్టరు దగ్గరికి. నేనొస్తా," అంది. సుబ్బు తల అడ్డంగా ఊపి, తండ్రిని మళ్ళీ నడుముకు కట్టుకుని పోయాడు.

అసలు గొడవ సాయంత్రం ఇంట్లో జరిగింది. శివశంకర్ వ్యాను కడిగి లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "బయటోళ్ళకు చెప్పొద్దులే. మన ఇంట్లో ఉండే మనిషికి ఇచ్చేదానికేంది? కొత్త మందు గూడా కాదంటివి. ఎంతమందో మింగుతుండే మందే గదా."

"వాళ్ళకుండే జబ్బు వేరే. ఆ మందు నాలుగు దినాలు వాడి ఆపేస్తారు. మీ అమ్మ వయసులో రోజూ మింగితే కిడ్నీలు పోతాయో, లివరు పోతాదో నాకు తెలవదు. ఇప్పుడు మింగే మాత్రల్తో కలిస్తే ఏమవుతాదో అదీ తెలవదు."

"తెలవదు తెలవదు అంటావు. పేపర్లో ఫొటో మాత్రం వచ్చె."

మంచం మీద నుంచి ఆదిశేషమ్మ గొంతు వచ్చింది. "ఒరే, వదిలెయ్. పురుగుకు పెట్టేది అత్తకు ఎందుకు పెడతాది."

ఆ మాట పేరమ్మకు గుచ్చుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు అత్త ఆమెతో మాట్లాడలేదు. చేపలు తోమడానికీ రాలేదు. ఒకరోజు అల్లూరులో అత్త మాత్రలు కొనడానికి ఆగితే, షాపతని వెనక అరలో ఆ మందు అట్ట కనబడింది. చెయ్యి చాపితే వచ్చేంత దగ్గర. షాపతను, "ఇంకేమైనా కావాలా అక్కా?" అన్నాడు. పేరమ్మ ఒక్క క్షణం దాని వంకే చూసింది. అది తనకు ఎంత మంచిగా కనబడిందో తనకే తెలుసు. "ఏం వద్దన్నా," అని స్కూటీ ఎక్కింది. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే నడిపింది, కానీ చేసింది తప్పని మాత్రం ఆమెకు అనిపించలేదు.

తన కన్ను కావలసిందే చూసిందేమోనన్న అనుమానంతో మర్నాడు ఆ మందు పళ్ళేలను మళ్ళీ బయటికి తీసింది. ఈసారి నరాలను వెలిగించే దీపం కింద కాదు. మామూలు వెలుతురులో పెట్టి చూసింది. ఆ దీపం కింద నరం తప్ప మిగతా ఒళ్ళంతా చీకటే. మామూలు వెలుతురులో పురుగు మొత్తం కనిపిస్తుంది.  ఈ పురుగులు సన్నగా ఉన్నాయి. నల్లగా నిండుగా ఉండాల్సిన పేగు వెలవెలబోతోంది. హేచరీలో తిండికి పెంచే పాచి తొట్టిలో పలచబడినప్పుడు రొయ్యపిల్లలు ఇలాగే ఉండేవి. కడుపు ఖాళీ.

పళ్ళేన్ని వాలుగా పట్టుకుంది. మందు లేని పళ్ళెంలో బ్యాక్టీరియా మీగడలాగా మందంగా పరుచుకుని ఉంది. మందున్న పళ్ళెంలో పలచటి పొర.

తక్కువ తినే పురుగు నెమ్మదిగా ముసలిదవుతుందన్నది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమే. మందు నరాన్ని కాయడం లేదు. మందు బ్యాక్టీరియాను చంపుతోంది. తిండి తగ్గి పురుగులు ఆలస్యంగా ముసలివవుతున్నాయి. అంతే కావచ్చు.

పేరమ్మ రెండు పళ్ళేలూ తీసుకుని మాథ్యూ బల్ల మీద పెట్టి, చూసింది చూసినట్టు చెప్పింది. ఆయన రెండు పళ్ళేలనూ మార్చి మార్చి చూశాడు.

"ఆ పొర పలచగుండేది నేను గూడా చూసినానమ్మా," అన్నాడు చివరికి. "వానాకాలం, తేమకి అట్టుందిలే అనుకున్నా. అనుకోవాలనిపించింది, అనుకున్నా." తర్వాత నిటారుగా కూర్చున్నాడు. "బ్యాక్టీరియాని ముందే చంపి పెడదాం. చచ్చినదాన్ని మందేం చెయ్యలేదు గదా. అప్పుడు రెండు పళ్ళేల్లో తిండి సమానం. అప్పటికీ నరాలు బాగుంటే మందు గొప్పది. లేకుంటే లేదు." ఆమె ఎదురుగానే డైరెక్టరుకు ఫోను చేసి, అచ్చుకు పంపిన వ్యాసం ఆపమని చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన కేకలు పేరమ్మకు కూడా వినబడ్డాయి. మాథ్యూ ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, అయ్యేదాకా విన్నాడు.

చంపిన బ్యాక్టీరియాతో పురుగులు మళ్ళీ ముసలివయ్యాయి. పేరమ్మ చూసింది. మందున్న పళ్ళెంలో, లేని పళ్ళెంలో ఒకటే తీరు. వంకర్లు, పూసలు, తెగిన గీతలు. ఏడాదిన్నర కష్టం. ఆమెకు బాధ కలిగింది, దానితోపాటే ఆ మందుల షాపు అర గుర్తొచ్చింది. ఆ రోజు అల్లూరులో చెయ్యి చాపి ఉంటే, పురుగుల తిండి తగ్గించడం తప్ప నరాలకు ఏమీ చేయని మందును అత్త ఇన్నాళ్ళూ మింగుతూ ఉండేది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అత్త మంచం పట్టె మీద కూర్చుంది. "ఆ మందు ఉత్తదే అత్తా. పురుగులకి కడుపు మాడింది, అందుకని ముసలితనం లేటయింది. నరాలకు అది చేసిందేం లేదు."

ఆదిశేషమ్మ కాసేపు కోడలి మొహం చూసింది. "కడుపు మాడితే నరాలు బాగుంటాయా?"

"పురుగుకు అంతే."

"అట్టయితే నాకెందుకు ఈ రోగం వచ్చిందిమే? గంప మోసినన్నాళ్ళూ నేను ఒక్కపొద్దే గదా!" అని పగలబడి నవ్వింది. పేరమ్మకు కూడా నవ్వు ఆగలేదు. బయటి నుంచి వచ్చిన శివశంకర్ ఏం జరిగిందో అర్థం కాక గుమ్మంలో నిలబడిపోయాడు. ఆ రోజు రాగండి చేపలు అత్తే తోమింది.

సుబ్బు ఇంటికి పేరమ్మ తనే పోయింది. పేపర్లో రాసిందే కాదు, తాము చూసింది కూడా తప్పేనని చెప్పింది. "తప్పని నువ్వే వచ్చి చెప్తుండావే అక్కా," అన్నాడు సుబ్బు ఆశ్చర్యంగా. తర్వాతి వారం అతను, అతని నాన్న, ఆదిశేషమ్మ, పేరమ్మ కలిసి శివశంకర్ వ్యానులో నెల్లూరు పోయారు. డాక్టరు ముసలాయనకు మాత్రలు మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఆయన చెంచాతో తనంతట తను అన్నం తినగలిగాడు. అది పాత మందుల గొప్పే, పేరమ్మది కాదు. ఊళ్ళో మాత్రం ఆమె లెక్కలోనే వేశారు.

కేంద్రంలో మాథ్యూ, పేరమ్మ మొదటికి వచ్చారు. మొదటి విడతలో కాస్తో కూస్తో బాగున్నాయనిపించిన మందులన్నీ పక్కకు తీసి, చంపిన బ్యాక్టీరియాతో మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. చాలావాటి గుట్టు అలాగే బయటపడింది. ఒకటి మాత్రం నిలబడింది. మొదటి మందు చూపినంత గొప్ప తేడా కాదు. నిరుడు చూసినప్పుడు "పరవాలేదు" అనిపించి పక్కన పెట్టినది. తిండి సమానంగా ఉన్నా, పురుగు సన్నబడకపోయినా, మందు లేని పళ్ళెంలో కంటే తిన్నగా నిలిచిన ముసలి నరాలు కొన్ని ఎక్కువున్నాయి. వెంట్రుక తగిలితే వెనక్కి జరిగిన పురుగులు కూడా కొన్ని ఎక్కువే. ఈసారి పేరమ్మ ముందు మామూలు వెలుతురులోనే చూసింది. కడుపులు నిండుగా ఉన్నాయి.

"చిన్నదే," అన్నాడు మాథ్యూ.

"చిన్నదైనా ఉండాది సార్," అంది పేరమ్మ.

రెండోసారీ అదే వచ్చి, ఇంకొక్కసారి చేస్తే సరిపోతుందని పళ్ళేలు పెట్టేసరికి మే నెల వచ్చింది. రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నం పూట కేంద్రం వెనక ట్రాన్స్‌ఫార్మరు పేలింది. జనరేటరు వేస్తే కాసేపు ఆడి అదీ ఆగింది. ఇంక్యుబేటరు మీద అంకె ఇరవై నుంచి మెల్లగా పైకి పోసాగింది. వేడెక్కితే పురుగులు తొందరగా ముసలివవుతాయి. అప్పుడు ఏ పళ్ళేన్ని దేనితో పోల్చినా అర్థం ఉండదు. పని మొత్తం వృథా. కరెంటోళ్ళు సాయంత్రం దాకా రారని తేలింది. మాథ్యూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పేరమ్మ ఫోను తీసి భర్తను పిలిచింది.

"ఏడుండావు?"

"కోవూరు దాటినా. బండి నిండా ఐసుంది, రొయ్యల గుంటల కాడికి పోతుండా."

"గుంటలోళ్ళకి ఫోన్ జేసి ఆలస్యమవుతాదని చెప్పు. ఐసు నాకు కావాల. థర్మోకోల్ పెట్టెలు గూడా."

అతను ఎందుకని అడగలేదు. హైవే మీదే ఉన్నాడు కాబట్టి త్వరగానే వ్యాను కేంద్రం ముందుకొచ్చి ఆగింది. పెట్టెల అడుగున ఐసు పరిచి, దాని మీద గోనెపట్టాలు మడిచి వేసి, పళ్ళేలకు నేరుగా చలి తగలకుండా పైన అట్టలు పేర్చారు. ప్రతి పెట్టెలో ఒక థర్మామీటరు పెట్టారు. ఐసు ఎక్కువైతే అంకె పడిపోతుంది, తక్కువైతే ఎక్కుతుంది. చేపలకు ఎంత ఐసు వేస్తే ఎంతసేపు ఉంటుందో శివశంకర్‌కు చేతి లెక్క. "ఇరవై అంటే ఐసు మీద పట్టా ఇంకొకటి వెయ్యాల," అని తనే సర్దాడు. పొద్దు గూకేవేళకు కరెంటు వచ్చేదాకా ముగ్గురూ పెట్టెల చుట్టూ కూర్చుని, అంకె జరిగినప్పుడల్లా ఒక పట్టా తీయడం, ఒక పిడికెడు ఐసు వేయడం చేశారు. అంకె కదిలింది కానీ దారి తప్పలేదు.

పోయేముందు శివశంకర్ ఒక పళ్ళెం వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏం కనబడ్డంలా. ఇందులో నిజంగానే పురుగులుండాయా?" అన్నాడు. మైక్రోస్కోపు కింద చూపిస్తే కొంచెంసేపు చూసి, "మా అమ్మకు ఆ పొద్దు ఇవ్వకుండా ఉండింది మంచిదే," అని మెల్లగా అనేసి, వ్యాను వైపు నడిచాడు.

ఆ పురుగులు కూడా ముసలివయ్యాయి. ఫలితం మూడోసారి అదే వచ్చింది. అయినా పేరమ్మ తృప్తి పడలేదు. మన చేతుల్లో వచ్చింది ఇంకొకరి చేతుల్లో కూడా రావాలంది. మాథ్యూ కూడా అదే అన్నాడు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పురుగులనూ మందునూ పంపి, ఏది మందో ఏది కాదో చెప్పకుండా చేయమన్నారు. శీతాకాలంలో వాళ్ళ దగ్గర నుంచి కబురు వచ్చింది. వాళ్ళకూ అదే తేడా. చిన్నదే, కానీ అదే. వ్యాసం మళ్ళీ రాశారు. మొదటి మందు ఎలా మోసం చేసిందో కూడా అందులో దాచకుండా రాశారు. రాసినవాళ్ళ పేర్లలో మాథ్యూ పేరు కంటే ముందు పేరమ్మ పేరు పెట్టాడాయన. డైరెక్టరు ఈసారి మైకు పట్టుకోలేదు. ఎలకల మీద చూడటానికి వేరే ఊరి వాళ్ళతో మాట్లాడుతున్నారు. అదెన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పడం లేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక కేంద్రం వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను లోపలికి పిలిచి చూపించే రోజు పెట్టారు. ఆదిశేషమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చుంది కానీ తల వణుకుతుంటే కన్ను గొట్టం దగ్గర నిలవలేదు. పేరమ్మ అప్పటికే కెమెరా తగిలించి ఉంచింది. గోడ మీద పెద్ద తెర నిండా పచ్చటి గీత వెలిగింది.

"ఇదేనా?"

"ఇదే అత్తా. ముసలిది."

"ఎంత ముసలిది?"

"మన లెక్కలో నీ అంత."

ఆదిశేషమ్మ తెరకేసి పరీక్షగా చూసింది. గీత ఒకచోట కొంచెం వంకర తిరిగింది కానీ తెగలేదు. పేరమ్మ వెంట్రుక పుల్ల తీసుకుని పురుగును తాకింది. తెర మీద గీత గబుక్కున వెనక్కి జరిగింది. ఆదిశేషమ్మ ఉలిక్కిపడి, తర్వాత నోరారా నవ్వింది.

"దీనికి రోషముందే! నాకు మందు నువ్వు బతికుండంగా వస్తాదామ్మే, నేను బతికుండంగా వస్తాదా?"

"నువ్వుండంగా రాదేమో అత్తా," అంది పేరమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. "కానీ వస్తాది. వెతకతానే ఉంటాం గదా."

"రానీ మరి. నా వెనక వచ్చేవాళ్ళకన్నా పనికొస్తాది." ఆదిశేషమ్మ వణుకుతున్న చెయ్యి తెర వైపు చాపింది. "ఇంకోసారి ముట్టుకోవే దాన్ని. మళ్ళీ ఎగిరిద్దేమో చూస్తా."